పిలుపుల వంపు

పులికాట్ చెరువులో పొద్దు గూకినాక ఏ పడవా నోరు విప్పని చోటు ఒకటుంది. దాన్ని పిలుపుల వంపు అంటారు.

ఒడ్డు లోపలికి వంగి, మూడు పక్కలా సరుగుడు తోట కమ్ముకొని, నీళ్ళు నల్లగా నిలబడి ఉండే చోటు. అంతదాకా తెరచాప నిండా కొట్టిన గాలి అక్కడికి రాగానే ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుంది. చాప వేలాడిపోతుంది. పడవ కింద నీటి చప్పుడు కూడా ఉండదు. అప్పుడు... చీకట్లోంచి ఒక గొంతు పిలుస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది.

పలికినవాడు మళ్ళీ ఇల్లు చేరడు.

ఆ గొంతు మునెయ్యదట. వెనకటికెప్పుడో ఆ బురదలో దిగబడి, వచ్చేపోయే పడవలను పిలిచి పిలిచి, ఎవరూ పలకక అక్కడే పోయాడట.

ఈ కథకు వణకని ఇల్లు ఆ ఒడ్డునున్న జాలరి పల్లె కొత్తకుప్పంలో ఒక్కటే ఉండేది. అది ఓబయ్య ఇల్లు. వణకకపోవడానికి కారణం ధైర్యం కాదు. మునెయ్య పుట్టిందే ఆ ఇంట్లో — ఓబయ్య నోట్లోంచి. ఆ పేరుగల మనిషి కుప్పంలో ఎన్నడూ పుట్టనూ లేదు, చావనూ లేదు.

ఇది చైనాతో యుద్ధం రాకముందు మాట. చలికాలం వచ్చిందంటే నెల్లూరు నుంచీ కోట ఊరి నుంచీ పెద్దమనుషులు పడవ షికారుకు దిగేవారు. మెడకు మఫ్లర్లు, చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఒకరిద్దరి రొమ్ము మీద దుర్భిణీ. ఓబయ్య పడవకు కొత్త చాప ఉంది, ఓబయ్యకు తీపి నోరుంది. వాళ్ళను ఎక్కించుకొని దీవి నుంచి దీవికి, వంపు నుంచి వంపుకు తిప్పి, గూడబాతులనూ ఎర్రకాళ్ళ కొంగలనూ చూపించి సాయంత్రానికి రేవులో దించేవాడు. గాలి చేసే పనికి తను మీసం తిప్పుకొనేవాడు.

ఒకనాడు ఒక ప్లీడరు గారు వేలు చూపించారు.

"ఆ వంపులోకి పోనివ్వవయ్యా. కొంగలన్నీ అక్కడే ఉన్నట్టున్నాయే!"

ఆ వంపులో గాలి ఉండదు. చాప పనికిరాదు. గడ పట్టుకొని, ఒళ్ళు వంచి, బురదలో పొడుచుకుంటూ పోవాలి. ఒళ్ళు వంచడం ఓబయ్యకు గిట్టదు.

"వద్దు సామీ..." అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ వంపు మంచిది గాదు."

"ఏం? ఏముంది అక్కడ?"

ఉన్నది గడ వేసే పని. అది చెప్పలేడు కదా.

"పిలుస్తాది సామీ."

"మా దగ్గరా ఈ మాటలు? మేము చదువుకున్నవాళ్ళం!" అని ప్లీడరు గారు గట్టిగా నవ్వారు. నవ్వుతూనే, పడవ అంచు మీది నుంచి వేలాడేసిన కాళ్ళు లోపలికి తీసుకున్నారు.

ఆ కాళ్ళు లోపలికి రావడం చూశాడు ఓబయ్య. అదీ ఓబయ్య చెడిపోయిన క్షణం.

అప్పటి నుంచి షికారుకు ఎవరొచ్చినా మునెయ్య కథ ఉండాల్సిందే. అడిగినవాళ్ళ ప్రశ్నలకు తగ్గట్టు కథ పెరుగుతూ పోయింది. "తెలిసినవాడి గొంతయితే పలకొచ్చు కదా?" అని ఒకాయన అడిగితే — "అక్కడే ఉంది సామీ మోసం. మనకు తెలిసినవాడి గొంతుతోనే పిలుస్తాది. వాడి పేరే చెప్పుకుంటాది. ఏడుస్తాది. కాళ్ళు పట్టుకుంటానంటాది. నమ్మినామా, పోయినాం!" విరుగుడేమిటని ఇంకొకాయన అడిగితే — నీళ్ళు తోడే డబ్బా తీసుకొని గట్టిగా మోగించాలని, నోటికొచ్చిన బూతులు తిట్టాలని, మూడు పిలుపులకు పలకకుండా ఓర్చుకుంటే అది వెళ్ళిపోతుందని చెప్పాడు.

షికారు పడవలో పుట్టిన కథ రేవుకు చేరింది. రేవు నుంచి ఇళ్ళకు చేరింది. నెల తిరక్కుండానే కొత్తకుప్పం పడవలు ఆ వంపు ముందర మాటలాపి పోవడం మొదలుపెట్టాయి. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళలో బతికినవాళ్ళు, నిరుడు దాకా అక్కడే వలలు వేసినవాళ్ళు, ఇప్పుడు మునెయ్యను తమ తాతలు చూశారని కూడా చెప్పసాగారు!

"కొంగలు చూపించేదానికి ఒళ్ళు వంగక, చచ్చినోణ్ణి పుట్టించినావే!" అంది ఓబయ్య పెళ్ళాం కామమ్మ. "ఇంగ చాలు. నలుగురికీ నిజం చెప్పయ్యా."

"చెప్తాలే."

చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? ఎవరూ పోని వంపులో రొయ్య కుప్పలుగా పెరిగింది. షికారు లేని నాడు ఓబయ్య చీకటి పడ్డాక ఒంటరిగా పోయి వల కట్టి రావడం మొదలుపెట్టాడు. అందుకు మాత్రం ఒళ్ళు వంగింది. ఇన్ని రొయ్యలు ఎక్కడివని అడిగితే — "నా చేతి వాసి" అనేవాడు.

పుష్యమాసంలో ఒక రాత్రి. పొగమంచు. చలి ఎముకల్లోకి పోతూ ఉంది.

వంపు అంచున కొయ్య పాతి, వల కట్టి, ఇంటికి తిరిగీ తిరగ్గానే పడవ బురద దిబ్బకు తగులుకొంది. గడతో పొడిచాడు. కదల్లేదు. దిగి నెట్టాలి.

దిగే ముందు చాప దించాలి — కుప్పంలో నడక నేర్చిన పిల్లకు కూడా తెలిసిన మాట అది. చాప ఎత్తి ఉన్న పడవలోంచి ఒంటరిగా దిగకూడదు. కానీ దించితే మళ్ళీ ఎత్తాలి. గాలి ఎలాగూ లేదు కదా... అనుకున్నాడు ఓబయ్య. దిగాడు. భుజం ఆనించి నెట్టాడు.

పడవ కదిలింది. కొన వంపు దాటింది. దాటిన మరుక్షణం తూర్పు గాలి చాపను పట్టుకొంది.

"ఓయ్... ఓయ్!" అన్నాడు ఓబయ్య, పడవ తన మాట వింటుందన్నట్టు.

పడవ వెళ్ళిపోయింది.

వెంటపడబోయాడు. కాలు రాలేదు. రెండో కాలు ఊతగా పెట్టి లాగాడు. రెండూ తొడల దాకా దిగాయి. పెనుగులాడే కొద్దీ బురద చప్పరిస్తూ లోపలికి తీసుకొంది. చేతికి అందింది తను పాతిన కొయ్య ఒక్కటే. దాన్ని కావలించుకున్నాడు. నీళ్ళు రొమ్ము దాకా ఉన్నాయి.

ఆ వంపు సముద్రం చెరువులో కలిసే మొగకు దగ్గర. రాత్రి పోటు వస్తుంది. పోటుకు నీళ్ళు ఇంకా పెరుగుతాయి...

అప్పుడు — చీకట్లో ఒక చాప కనిపించింది. చాప మూల గోనె అతుకు. వాళ్ళ కుప్పం మస్తానయ్య పడవ! ఓబయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

"మస్తానయ్యా! ఓ మస్తానయ్యా!"

పడవలో అంతదాకా వినిపిస్తున్న మాటలు ఠక్కున ఆగాయి.

"మస్తానయ్యా... ఇట్టా రా అబ్బా! బురదలో దిగబడినా!"

చాప అటు తిరిగింది. మస్తానయ్య వట్టి మెత్తనివాడు, ఆకలన్నవాడికి తన కూడు పెట్టేవాడు. ఆ మెత్తని మనిషి ఊపిరి బిగబట్టి, ఒక్కసారి కూడా తల తిప్పకుండా వెళ్ళిపోయాడు.

నీళ్ళు చంకల్లోకి వచ్చాయి.

రెండో పడవ కామమ్మ అన్న చెంచయ్యది. ఆ దగ్గు ఎక్కడున్నా తెలుస్తుంది. ఓబయ్య ఈసారి జాగ్రత్తగా, మెల్లిగా పిలిచాడు.

"బావా... చెంచయ్య బావా... నేను. ఓబయ్యని. మీ కామి మొగుణ్ణి."

దగ్గు ఆగింది.

"బావా, దెయ్యం గాదు బావా! నీ కాళ్ళు పట్టుకుంటా..." ఆ మాట నోట్లోంచి జారాక గుర్తొచ్చింది, అది తన కథలోనిదే. ఏడుపు వచ్చింది. అది కూడా కథలోనిదే.

ఢంఢం ఢంఢం... అని డబ్బా మొదలైంది. దాని వెంట తిట్లు.

"ఓబయ్య గొంతు పెట్టుకొని వస్తావంటరా లంజకొడకా! ఓబయ్యంట! ఆ ఓబయ్యగాడే వచ్చి చెప్పినా సగం మాటలు నమ్మను నేను, నువ్వెంత! వాడు సోమరోడు, అబద్ధాల పుట్ట! మా చెల్లెలి గొంతు కోసినాం వాడికిచ్చి! ఇంకెవరి గొంతూ దొరకలేదంటరా నీకు!"

మనిషి బతికుండగా తన గురించి అంత నిజం వినడం అరుదు. ఓబయ్య విన్నాడు. డబ్బా చప్పుడు దూరమై, సన్నమై, మంచులో కలిసిపోయింది.

ఇక పడవలు రాలేదు.

నీళ్ళు గడ్డానికి తగిలాయి. అవతల కొంగలు ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి. ఓబయ్య తల వెనక్కి వంచి, కొయ్యకు చెంప ఆనించి, వణుకుతున్నాడు. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఎక్కడ చూసినా నలుపే... ఏ చప్పుడూ లేదు...

"ఓబయ్యా!"

ఆడగొంతు. సన్నగా, నీళ్ళ మీది నుంచి.

ఆయనను పేరు పెట్టి పిలిచిన ఆడది ఒక్క తల్లే. తల్లి పోయి ఏళ్ళయింది. కామమ్మా? కామమ్మ పిలుపు 'ఏమయ్యో' తప్ప ఇంకోటి కాదు. మొగుడి పేరు నోట పలికే ఆడది కొత్తకుప్పంలో లేదు. సంతలో ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పిస్తారు గానీ తాము పలకరు.

మరి ఇది... ఎవరు?

'అబద్ధం. అది నేను అల్లిన అబద్ధం' అనుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అనుకున్నాడే గానీ నోరు తెరవలేదు. కథ చెప్పీ చెప్పీ, అందరికంటే ఎక్కువసార్లు దాన్ని విన్నది ఆయన చెవులే.

"ఓ... ఓబయ్యా!"

దగ్గరికి వచ్చింది. నీళ్ళు చిన్నగా కదిలాయి. ఓబయ్య కళ్ళు మూసుకున్నాడు. మూడు పిలుపులు ఓర్చుకుంటే పోతుంది. ఇంకొక్కటే...

"ఓబయ్యా..."

ఆ మూడోది పిలుపులా లేదు. ఏడుపులా ఉంది. ఓబయ్య పెదవి కొరుక్కొని ఊరకున్నాడు. కదలిక మెల్లగా దూరమైంది. పోతూ ఉంది... పోతూ ఉంది... ఓబయ్య సంతోషపడ్డాడు! గడ్డం దాకా నీళ్ళలో ఉండి, తప్పించుకున్నానని సంతోషపడ్డాడు.

అంతలో దూరం నుంచి, గడ బురదలో పడిన చప్పుడుతో పాటు ఒక గొణుగుడు —

"...దెయ్యాన్ని పుట్టించేదానికి నోరు లేచినాది గానీ... పొయ్యి కాడ కూర్చొని నా పానం తీసి కతలల్లినాడే... ఇప్పుడు పలికేదానికి నోరు పడిపోయినాదా..."

లోకంలో ఏ దెయ్యానికీ ఆ గొణుగుడు రాదు.

"కామీ!" అని ఓబయ్య అరిచిన అరుపుకు నిద్రపోయే కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

పడవ వచ్చింది. ఆయన పడవే. అంతకు ముందు అది చాపతో ఒంటరిగా కొట్టుకొచ్చి రేవుకు తగిలినప్పుడు, చెంచయ్య రొప్పుతూ చెప్పిన మాట విని కుప్పం అంతా ఒకటే తేల్చింది — దెయ్యం ఓబయ్య గొంతు పెట్టుకుందంటే ఓబయ్య పోయినట్టే, తెల్లారినాక చూద్దాం. "అది నా మొగుడు అల్లిన కత! పిలిచింది ఆయనే!" అని కామమ్మ అందరి కాళ్ళా వేళ్ళా పడింది. దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నదని ఆడవాళ్ళు ఆమెను పట్టుకొని కూర్చోబెట్టబోయారు. విదిలించుకొని, గడ తీసుకొని, ఒంటరిగా వచ్చింది.

గడను కొయ్యకు కట్టి, అడ్డం వేసి, గంటసేపు తంటాలు పడితే గానీ ఓబయ్య కాళ్ళు బురద వదల్లేదు. పడవలో చేప మాదిరి పడి నోరు తెరిచాడు. కామమ్మ తన కొంగుతో ఆయన తల తుడుస్తూ ఉంది.

"మొదట... పేరు పెట్టి పిలిచింది... నువ్వేనా?"

"ఏమయ్యో అంటే నిన్నేనని నీకెట్టా తెలుస్తాది? ఊళ్ళో మగోళ్ళందరూ ఏమయ్యోలే." తుడుస్తున్న చేయి ఆగింది. "నా జన్మలో అనని మాట అన్నా. మూడుసార్లు అన్నా. నువ్వు పలకలేదు."

ఇల్లు చేరేదాకా గడ ఆమే వేసింది.

మర్నాడు కాళ్ళు నిలవకపోయినా రేవుకు పోయి నలుగురి ముందూ నిలబడ్డాడు. మునెయ్యా లేడు, దెయ్యమూ లేదు, అంతా తన అబద్ధమేనన్నాడు. నిన్న పిలిచింది తనేనన్నాడు.

చెంచయ్య జాలిగా చూశాడు.

"పో బావా, పోయి పడుకో. నీకేం తెలుసు? నేను నా చెవులారా విన్నా."

మస్తానయ్య కూడా విన్నానన్నాడు. ఇన్నాళ్ళూ కథకు సాక్షులు లేరు, ఇప్పుడు ఇద్దరు దొరికారు. ఆ సాయంత్రం ప్రతి పడవలోనూ ఇంకొక డబ్బా చేరింది.

ఆ తర్వాత ఓబయ్య షికారులో ఎవరికీ కథ చెప్పలేదు. అడిగిన చోటికల్లా గడ వేసుకొని తీసుకుపోయేవాడు. ఇంట్లో ఎప్పుడైనా పాత అలవాటు చొప్పున గొప్పలు మొదలుపెడితే, కామమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా "ఓబయ్యా" అనేది. అంతే. నోరు మూతపడేది.

రాత్రి పూట ఆ వంపు మీదుగా రావాల్సి వస్తే మాత్రం ఓబయ్య ఊరికే దాటిపోడు. చాప దించుతాడు. చెవి పెట్టి వింటాడు. నోటికి చేతులు అడ్డం పెట్టుకొని, చీకట్లోకి మూడుసార్లు అడుగుతాడు —

"ఎవరబ్బా? ఎవరన్నా ఉండారా? పలకండబ్బా..."

ఆ గొంతు విని, వెనక వచ్చే పడవలన్నీ డబ్బాలు మోగిస్తాయి.