నలభై శాతం ఎర

ఓరిడాన్ కంపెనీ కమీషన్ ప్రోగ్రామ్ వద్దని పున్నారావు రాసిచ్చాడు. డిపార్ట్‌మెంట్ వినలేదు. అందువల్ల ఇవాళ ఒక మనిషి చావబోతున్నాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో కరీముల్లా సెల్‌ఫోన్ రిపేరు షాపు. దాని వెనక గదిలో కూర్చుని పున్నారావు లాప్‌టాప్ వంక చూస్తున్నాడు. ఊరి దృష్టిలో ఆయన వెబ్‌సైట్ నడుపుకునే మనిషి. బీపీ మిషన్లు, వాకర్లు, చెవి మిషన్లు ఏవి మంచివో రాసి, కింద లింకు పెడతాడు. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే కంపెనీ కమీషన్ ఇస్తుంది. అఫిలియేట్ మార్కెటింగ్. అది కవర్. ఆయన అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్.

ఓరిడాన్ లింకు నుంచి స్క్రీన్ మీద కొత్త ఆర్డర్ పడింది. చెవి మిషన్ బ్యాటరీ. కె-నైన్ మోడల్. మాచర్ల పిన్‌కోడ్.

ఆ మోడల్ వాడే మనిషి పల్నాడు మొత్తానికి ఒక్కడే. కోటేశ్వరరావు. విదేశీ ముఠాకు రహస్య సంకేతాలు రాసిపెట్టి, మనసు విరిగి, వాళ్ళ గుట్టంతా మోసుకుని మనవైపు వచ్చేసినవాడు. సరిహద్దు దాటించింది పున్నారావే. నా ప్రాణం ఉండగా నీకేం కాదని మాటిచ్చిందీ ఆయనే.

ఫోన్ మోగింది.

“తేజా మిర్చి రేటెంత?” చీఫ్ నరసింహారావు గొంతు.

“యార్డు సెలవు.” కోడ్ సరిపోయింది.

“పున్నారావ్, ఓరిడాన్ ఆ ముఠా పెట్టిన షాపే. ఇప్పుడే తేలింది. ఆ బ్యాటరీ ఎవరు కొంటారా అని కాచుక్కూర్చున్నారు. అడ్రస్ కోసం.”

“మిగతా కంపెనీలు నాలుగు శాతమిస్తే గొప్ప. బ్యాటరీ మీద నలభై ఇచ్చేవాడు బ్యాటరీలమ్మడానికి రాలేదని అప్పుడే రాశా. చదివారా సార్?”

“వందన సిఫార్సు చేసింది. ఓరిడాన్‌లో మన మనిషి. ఆదాయం లేకపోతే కవర్ నమ్మరంది.”

“ఆర్డరొచ్చేసింది. మాచర్ల నుంచి.”

“దేవుడా! వాళ్ళ మనుషులిద్దరు మాచర్ల బస్టాండులో ఉన్నారు. డెలివరీ బాయ్‌ల వేషం.”

“కోటేశ్వరరావుకి ఫోన్ చెయ్యండి.”

“బ్యాటరీ అయిపోయినవాడికి ఏం వినపడుద్ది? మెసేజ్ పెట్టాం, చూడలేదు. విజయపురి సౌత్ నుంచి మనవాళ్ళు బయల్దేరారు. వాళ్ళు చేరేదాకా ఎట్లాగైనా ఆపు.”

పున్నారావు కారెక్కినా రెండు గంటల దారి. స్క్రీన్ మీద ‘ఆర్డర్ పరిశీలనలో ఉంది’ అనే ఆకుపచ్చ గీత సగం దాటింది. పరిశీలన ముగియగానే కోటేశ్వరరావు ఇంటి అడ్రస్ ఆ దొంగ డెలివరీ బాయ్‌ల ఫోన్లకు పోతుంది.

ప్రోగ్రామ్‌లో చేరేటప్పుడు అందరూ కమీషన్ చూస్తారు. పున్నారావు రూల్సు చదువుతాడు. సొంత లింకు మీద సొంతంగా కొనకూడదు. కొంటే మోసం కింద లెక్క. ఖాతా రద్దు, ఆ సైటు నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ బంద్. షాపు నిజమైందిగా కనపడాలని ముఠా బజార్లో దొరికే సాఫ్ట్‌వేరే కొని పెట్టింది. దానికి దేశాలు తెలీవు, రూలు తెలుసు.

“కరీముల్లా! నా పేరు మీద ఒక బ్యాటరీ కొంటున్నా.”

“ఏందన్నా, నీ చెవులు బానే ఉన్నయిగా?”

“నోరు మూసుకుని నెట్ చూడు.”

తన సైటులోని లింకే నొక్కి పేరు కొట్టాడు. అడ్రస్ కొట్టాడు. ఓటీపీ కోసం చూశాడు. రాలేదు. గీత ముప్పావు దాటింది.

తలుపు తెరుచుకుంది. నల్ల కళ్ళద్దాలు, గంధం రంగు పట్టుచీర, చేతిలో లిప్‌స్టిక్. వందన.

“లాప్‌టాప్ మూసేయండి పున్నారావు గారూ.” లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల తుపాకీ గొట్టం.

“నువ్వు మా మనిషివి గదా?”

“మీ దగ్గర జీతం. వాళ్ళ దగ్గర కమీషన్.”

సర్వీసులో పున్నారావు ఎవర్నీ బతిమాలింది లేదు. ఇప్పుడు చేతులు జోడించాడు. “ముసలోడమ్మా. నన్ను నమ్మి వచ్చాడు. కావాలంటే నన్ను కాల్చు. వాణ్ణొదిలెయ్.”

“మిమ్మల్ని కాలిస్తే నాకేమొస్తుంది?”

గీత చివరికొచ్చింది.

“మేడమ్,” పక్కనుంచి కరీముల్లా వినయంగా అన్నాడు, “స్క్రీన్ గార్డ్ ఏమన్నా వేయించుకుంటారా? ఆఫర్ నడుస్తంది.”

ఆమె విసుగ్గా తల తిప్పింది. ఫోన్ల అద్దాలు ఊడదీసే వేడిగాలి గన్ను ఆమె మణికట్టు మీద బుస్సుమంది. కేకపెట్టింది. లిప్‌స్టిక్ పేలి గుండు పైకప్పుకు తగిలింది. కరీముల్లా ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టాడు.

టింగ్. ఓటీపీ.

పున్నారావు గబగబా కొట్టాడు. ఒక అంకె తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టాడు. గీత అంచు తాకబోతుండగా స్క్రీన్ ఎర్రబడింది.

‘మోసపూరిత కొనుగోలు. మీ ఖాతా శాశ్వతంగా రద్దు. మీ సైటు ఆర్డర్లన్నీ నిలిపివేయబడ్డాయి.’

పున్నారావు లాప్‌టాప్ మూశాడు.

అరగంటకు చీఫ్ ఫోన్ చేశాడు. “బస్టాండులో ఇద్దరూ దొరికారు. కోటేశ్వరరావు క్షేమం. రిపోర్టులో... ప్రోగ్రామ్ ఎంపికలో చిన్న పొరపాటు జరిగిందని రాస్తే సరిపోతుంది గదా?”

“మీ ఇష్టమొచ్చింది రాసుకోండి. ఇక ఈ ఊసు నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను. చచ్చేదాకా.”

ఫోన్ పెట్టేశాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. తర్వాత కోటేశ్వరరావే వచ్చి, ఆ రోజు అసలేం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా, పున్నారావు తనకే వినపడనట్టు కూర్చున్నాడు.