మూసిన కళ్ళ ఫోటో

“నాన్న నిన్ను చుక్కలు తుడవమన్నాడు. నువ్వేమో కళ్ళు పెడుతున్నావు. ఇవాళ నీ పని అయిపోయిందే!” అన్నాడు ఎజ్రా, జామకాయ కొరుకుతూ.

“నోర్మూసుకో. కంప్యూటరు దగ్గర తినొద్దని నీకూ చెప్పాడుగా,” అంది అక్క సారా, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. రేపల్లెలోని ఫోటో స్టూడియోలో పిల్లలిద్దరే ఉన్నారు. తండ్రి ప్రభుదాస్ గారు పెళ్ళి ఫోటోలు తీయడానికి బాపట్ల వెళ్ళారు.

ఆ ఏడాదే, అంటే తొంభై ఎనిమిదిలో, ఆయన కంప్యూటరు కొన్నారు. దానితోపాటు ఒక నల్లని పలక, సిరా లేని పెన్ను వచ్చాయి. పెన్నుతో గీస్తే పలక మీద ఏమీ కనిపించదు. గీత తెర మీద పడుతుంది. పదకొండేళ్ళ సారాకు ఆ విద్య తండ్రి కన్నా త్వరగా పట్టుబడింది. పాత ఫోటోల మీది చుక్కలను, మడతలను తుడిచే పని ఆయన ఆమెకే అప్పగించేవారు.

ఇప్పుడు తెర మీద ఉన్నది అడవులదీవి ఊరి జాలరి పేరయ్య ముఖం. తొమ్మిది రోజుల క్రితం అతని పడవ సముద్రంలో తిరగబడింది. బతికుండగా అతడు ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు. శవం ఒడ్డుకు చేరాక, భార్య కోటేశ్వరి కబురు పెడితే ప్రభుదాస్ గారు వెళ్ళి ఈ ఒక్క ఫోటో తీసుకువచ్చారు. ముక్కులో దూది. గడ్డం కింది నుంచి తల మీదికి కట్టిన గుడ్డ. మూసిన కళ్ళు.

అలాంటి ఫోటోలకు కళ్ళు తెరిపించి ఇవ్వడం స్టూడియోల్లో వాడుక. ఇదివరకు ప్రభుదాస్ గారు ఆ పని కుంచెతో చేసేవారు. ముందు తల వంచి ప్రార్థించుకునేవారు. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, పోయిన మనిషి చూపు ఎలా ఉండేదో ఓపికగా అడిగి తెలుసుకునేవారు.

“కళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు తల్లీ. ఆమె సాయంత్రం వస్తుంది. అడిగి నేనే చేస్తాను,” అని వెళ్తూ వెళ్తూ చెప్పారు కూడా.

నాన్న అలిసిపోయి వస్తాడు. తాను చేసి ఉంచితే ఎంత మెచ్చుకుంటాడో అనుకుంది సారా. మరో ఫైలులో ఒక పెళ్ళికొడుకు ఫోటో ఉంది. పెద్ద పెద్ద కళ్ళు, నవ్వుతున్న కళ్ళు. వాటిని కత్తిరించి తెచ్చి, పేరయ్య రెప్పల మీద అతికించింది. అంచులు కనబడకుండా పెన్నుతో రంగు కలిపింది.

ఎజ్రా నమలడం మానేశాడు. “అమ్మో! మనల్నే చూస్తున్నాడే!” అన్నాడు.

సారా దాన్ని మెప్పుగానే తీసుకుంది.

కోటేశ్వరి అనుకున్నదాని కన్నా ముందు బస్సుకే వచ్చింది. వెంట ఏడేళ్ళ కూతురు మస్తానమ్మ.

“నాన్నగారు లేరా పాపా? ఎల్లుండే పెద్దకర్మ. ఆ వేళకి ఫోటో కావాలమ్మా.”

“అయిపోయిందండి! ఇటు రండి, చూపిస్తాను.”

కోటేశ్వరి తెర ముందు నిలబడింది. మస్తానమ్మ తల్లి చీర వెనక్కి జరిగింది.

“ఎవరమ్మా ఈయన?” అని తల్లిని అడిగింది.

“మీ నాన్నే,” అంది సారా.

“కాదు.”

“ఈ కళ్ళు ఎక్కడివి పాపా?” అని కోటేశ్వరి మెల్లగా అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని సారాకు అనిపించింది.

“కంప్యూటరే పెట్టిందండి. అది అంతే,” అనేసింది.

ఎజ్రా తల దించుకున్నాడు.

“పాపం, దానికేం తెలుసు! ఆయన్ని చూసిందా ఏంటి? పోనీలే, ఇదే ఇప్పించమ్మా. అసలు లేకపోవడం కన్నా నయం. చూడగా చూడగా మాకే అలవాటవుద్ది.”

ఆ చివరి మాట సారా గుండెలో ముల్లులా దిగింది. ఆ ఇంటి గోడ మీద ఎవరో పెళ్ళికొడుకు చూపు ఉంటుంది. దానికి దండం పెట్టమంటే ఈ చిన్నపిల్ల రోజూ పెడుతుంది. కొన్నేళ్ళకు నాన్నంటే ఇతడేననుకుంటుంది.

“కంప్యూటరు కాదండి.” సారా పెన్ను బల్ల మీద పెట్టేసింది. “నేనే పెట్టాను. వేరే ఆయన కళ్ళు తెచ్చి అతికించాను. నాన్న వద్దన్నారు. అయినా పెట్టాను.”

గుమ్మం దగ్గర అలికిడైంది. కెమెరా సంచీ భుజాన వేసుకుని ప్రభుదాస్ గారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. కూతురిని ఒక్క మాట అనలేదు. సంచీ దించి, కోటేశ్వరికి చేతులు జోడించి, “తప్పు మాదే చెల్లెమ్మా,” అన్నారు.

జోడించిన ఆ చేతులను చూసి సారాకు ఏడుపు ఆగలేదు.

ఆయన ఆ ఫైలు తీసివేసి, విడిగా దాచిన అసలు ఫోటోను తెర మీదికి తెచ్చారు. మూసిన కళ్ళు మళ్ళీ కనబడ్డాయి.

“చెప్పమ్మా, ఆయన చూపు ఎలా ఉండేది?”

“ఎట్టా చెప్పను అన్నయ్యా? రోజూ చూసేదాన్నే. చెప్పమంటే మాట రావట్లా.”

ఇంతలో మస్తానమ్మ తల్లి వెనక నుంచి ఇవతలికి వచ్చింది. తెర దగ్గరగా నిలబడింది.

“నాన్న!” అంది. “పడుకున్నాడు.”

కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రాత్రంతా చేపల వేట అన్నయ్యా. ఇది బడికెళ్ళాక ఒడ్డుకొచ్చేవాడు. ఇది వచ్చేసరికి పడుకుని ఉండేవాడు. లేస్తే మళ్ళీ పడవే. దీనికి బాగా తెలిసిన నాన్న ఇట్టా పడుకున్నోడే.” తెర వైపు చూసి, “కళ్ళు తెరవొద్దులే. మావాళ్ళు అంటే అననీ. ఆ దూదీ, ఆ గుడ్డా తీసెయ్యి చాలు,” అంది.

ప్రభుదాస్ గారు కుర్చీలోంచి లేచి, దాన్ని కూతురి వైపు జరిపారు. సారా ముఖం తుడుచుకుని కూర్చుంది. మస్తానమ్మను పక్కన బల్ల మీద కూర్చోబెట్టుకుంది.

దూది పోయింది. గుడ్డ పోయింది. చెంప మీది ఇసుక పోయింది. కనుబొమ దగ్గర తెల్లని గీత కనబడగానే సారా పెన్ను పైకెత్తింది.

“ఇది ఫోటో మీది గీతా, నాన్నదా?”

“నాన్నదే. తాడు తగిలి తెగింది.”

“అయితే ఉంచుదాం.”

రెప్ప అంచున రెండు ఇసుక రేణువులు మిగిలాయి. గట్టిగా నొక్కితే దట్టంగా, తేలికగా ఆనిస్తే పలుచగా పనిచేసే పెన్ను అది. సారా చేయి అటు కదలగానే మస్తానమ్మ ఆమె మోచేయి పట్టుకుంది.

“మెల్లగా అక్కా. లేస్తాడు.”

సారా ఊపిరి బిగబట్టింది. పెన్నును పలకకు ఆనీ ఆననట్టుగా తాకించి, ఒక్కొక్క రేణువునే తుడిచింది.