ఒక్క గొంతుకే దారి

మందిరం వెనక గాజుగదిలో, ఒక్కో గొంతునీ ఒక్కో దారంగా చూపించే గళఫలకం మీద రంగుదారాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పాటల బృందంలోని ఆడపిల్లలవి పసుపు, డోలక్‌ది ఇటుకరంగు, పాస్టరు ఎఫ్రాయిము గారిది తెలుపు. ప్రసారం చూసుకునే సైలాసు ఒక్కో దారాన్నీ వేలితో సరిచేస్తూ, ఛానళ్ళు నడిపే ‘వాకిలి’ వాళ్ళు పొద్దున్నే పంపిన మార్పు ఏమిటా అని చూస్తున్నాడు. సరిగ్గా ఆరాధన రోజే వాళ్ళకి ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది. మొన్నటి మార్పుకి పాటలు ముక్కలయ్యాయి. అంతకుముందు దానికి ప్రసంగం సగమైంది. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాడి చేతులు ఊరుకోవు. ఇక్కడ సైలాసుకి ఆదివారం పూట టీ తాగే తీరిక ఉండదు.

ఈసారి మార్పు పేరు స్పష్టగళం. ప్రసారంలో ఒక్క గొంతే వెళ్తుంది. మిగతావన్నీ రొద కింద లెక్క.

పాస్టరు గారు గాజుగదిలోకి తొంగిచూశారు.

“చూశావా సైలాసూ?”

“చూశానండి. మరి ఏకకంఠ ప్రార్థనప్పుడు ఏం చేద్దామండి?”

“నా గొంతు పెట్టెయ్. వినేవాళ్ళ వ్యాప్తి దానికే ఎక్కువ చూపిస్తోంది.”

“ఆడవాళ్ళ మాటల సంగతో?”

ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. “నాకు మాత్రం తెలీదా? రొద పంపేవంటే ‘వాకిలి’ లెక్కలో మన ఛానలు మొదటి మెట్టు నుంచి దిగిపోద్ది. దిగిపోయిన ఛానల్ని గని కంపెనీ కిందికి పంపదు. అప్పుడు మనవాళ్ళకి పాట కూడా వినపడదు.”

సముద్రం పాత ఊరిని తినేశాక, ఆ ఊరి మగవాళ్ళు అదే సముద్రం అడుగున గనిపనికి కుదిరారు. ఒకప్పుడు వలవేసిన చోటే ఇప్పుడు రాయి తవ్వుతున్నారు. దిగినవాడు గడువు తీరేదాకా పైకి రాడు. ఇంటి సంగతులు వింటే పని మీద మనసు నిలవదని కంపెనీ సొంత కబుర్లు ఆపేసింది. ఆరాధన ఆపితే గొడవవుతుందని దాన్ని మాత్రం వదిలేసింది. ఆ సందు ముందు ఎవరు కనిపెట్టారో గానీ, ఆడవాళ్ళు కబుర్లన్నీ దేవుడికే చెప్పడం మొదలుపెట్టారు. అందరూ ఒకేసారి గొంతెత్తి, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవడం ఆ సంఘంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ హోరులో “ప్రభువా, మేక రెండు పిల్లల్ని పెట్టింది, స్తోత్రం” అని ఒకామె అంటే, “తండ్రీ, మా అత్త నాతో మాటాడ్డం లేదు, ఆవిడ మనసు మార్చు” అని ఇంకొకామె. కింద ఇనపగదుల్లో మగవాళ్ళు చెవులు రిక్కించి, ఎవరి ఆడమనిషి గొంతు వాళ్ళు ఏరుకునేవారు.

పాస్టరు గారు వెళ్ళాక దీవెనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఐసు మిల్లులో పనిచేస్తుంది, చేతులెప్పుడూ పాలిపోయి ఉంటాయి.

“వందనాలన్నయ్యా.”

“వందనాలు చెల్లెమ్మా. చూసుకుని రా, ఆ వైరు తొక్కకు.”

“ఒక్క గొంతే వెళ్తాదంట గదా.”

“అవును. అయ్యగారిది.”

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. “మీ బావ గడువు రేపటితో అయిపోద్ది. మళ్ళీ సంతకం పెట్టేత్తాడు. బాగున్నాను, బాగున్నానని వారంవారం నేనే చెప్పేను గదా.”

“బాగోలేవా?”

“రొమ్ములో గడ్డన్నయ్యా. గురువారం ఆపరేషనంట. ఆయన వింటన్నాడని దేవుడితో కూడా అబద్ధమే చెప్పేను.” చిన్నగా నవ్వింది. “ఈవేళ నిజం చెబుదామనుకున్నాను. ఈవేళే వీళ్ళకి మార్పు కావాల్సొచ్చింది.”

“అయ్యగారి చేత చెప్పించకూడదా?”

“ఆయన చదివేది ముందే కంపెనీకి పంపాలంట. అందులో మా ఊసు ఉండకూడదంట.”

“నన్నేం చెయ్యమంటావు? బొత్తాలు నొక్కుకునేవాణ్ణి,” అన్నాడు సైలాసు విసుగ్గా. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ విసుగు ఆమె మీద కాదని చెబుదామనుకునేసరికే మందిరంలో పాట మొదలైంది.

పాట అయ్యాక అందరూ మోకరించారు. హోరు లేచింది. ఫలకం మీద తెల్లదారం ఒక్కటే వెలుగుతోంది. వెనకవరసలో బూడిదరంగు పోగొకటి వణుకుతోంది, దీవెనమ్మది. సైలాసు దాన్ని పట్టుకుని పైకి లాగాడు.

‘ఈ గళానికి వ్యాప్తి లేదు. మెట్టు దిగవచ్చు.’

“దిగనీ,” అని నొక్కాడు. తెల్లదారం ఆరిపోయింది.

వేదిక ముందున్న తెరలో పాస్టరు గారు అది చూశారు. చదువుతున్న వాక్యం మధ్యలో ఆగి, గాజుగది వైపు తలెత్తారు. సైలాసు కళ్ళు దించలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అయ్యగారు ఆగేసరికి ముందువరస ఆగింది, దాన్ని చూసి రెండోది. కళ్ళు మూసుకున్న దీవెనమ్మ గొంతు ఒక్కటే మిగిలింది.

“...క్షమించు తండ్రీ. బాగోలేను. గడ్డుంది. గురువారం కోత్తారంట. నాకు బయ్యంగా ఉంది. మా ఆయన అబ్నేరుని సంతకం పెట్టనియ్యకు. పైకి పంపెయ్.”

కళ్ళు తెరిచి, అందరూ తననే చూస్తుంటే కొంగు తలమీదికి లాక్కుంది.

‘ముందుగా పంపని మాటలు. ప్రార్థనా? కబురా?’ అని ఫలకం అడిగింది. జవాబిచ్చేదాకా ఆ మాటలు కిందికి దిగవు. కబురైతే అసలే దిగవు. సైలాసు ప్రార్థన అని నొక్కాడు. అది మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాడు. మాటలు దిగాయి. మొదటి మెట్టు గుర్తు మాత్రం రెపరెపలాడడం మొదలుపెట్టింది.

మూడో వరసలో సుగుణమ్మ లేచింది. “ప్రభువా, అబ్నేరు ఈపాటికి డ్యూటీలో ఉన్నాడేమో. వాడి పక్క మంచం మా ఆయనదే. గురక పెట్టి పడుకునుంటాడు, ముందు ఆయన్ని లేపు. లేపి, పరిగెత్తుకెళ్ళి వాడితో చెప్పమను.”

ఎవరో కిసుక్కుమన్నారు. సైలాసు ఆమె దారాన్ని పైకి లాగాడు. ఫలకం ఆ గొంతుకీ అదే ప్రశ్న వేసింది. అతను అదే జవాబు నొక్కాడు.

పక్కనున్న ముసలామె అలవాటు కొద్దీ “ఆమే...” అనబోయింది. పాస్టరు గారు గబగబా వేదిక దిగి వచ్చారు. ఆమేన్ అన్న మాట వినపడితే చాలు, ప్రార్థన ముగిసిందనుకుని యంత్రం దారి మూసేస్తుంది.

“ఇంకా అనకమ్మా,” అంటూ ఆయన ఆడవాళ్ళ బల్ల చివర కూర్చున్నారు. “వాడికి అందిందో లేదో. తర్వాత ఎవరు?”