నాలుగో జ్వరం ఇంటి కిటికీలు

"నిన్న రమ్మంటే ఈరోజు వస్తాండావే. దారి మరిచిపోయినావా అప్పా?"

సాదలిలో ఆ ఇంటి గడప ఎక్కకముందే నాకు దక్కిన మర్యాద అది. ఆమె చంకలో మల్బరీ ఆకు గంప ఉంది. చెంపమీద చెమట ఉంది. తుడుచుకునే తీరిక లేదు, తిట్టే తీరిక మాత్రం ఉంది.

మాటలు నాకంతగా చేతకావు. వడ్రంగి పనిముట్ల సంచి కింద పెట్టి, చేతిలో ఉన్న బ్రెడ్డు ప్యాకెట్టు ఆమె ముందుకు చాచినాను.

"ఇదేంది?"

"జ్వరమొచ్చినోళ్ళకు."

"ఎవరికి జ్వరం?"

నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో చెప్పింది ఈమెనే. ఇంట్లో నాలుగో జ్వరం నడస్తా ఉండాది, అది లేచే లోపల కిటికీలు తెరుచుకోవాల, సుత్తి సద్దు వినపడకూడదు అని. ఒక ప్రాణికి నాలుగోసారి జ్వరం తిరగబెట్టి మంచంలో ఉంటే, ఆ ఇంట్లో కిటికీలు పీకించుకునేవాళ్ళు ఏం మనుషులు అని దారి పొడుగునా తిట్టుకుంటా వచ్చినాను. పాపం ఒకరోజు నిద్రపోనీలే అని ఆగింది కూడా అందుకే.

"నువ్వే కదమ్మా చెప్పింది, నాలుగో జ్వరమని."

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "మీది యా ఊరు?"

"బాగేపల్లి పక్క. అంగడి చింతామణిలో పెట్టినా."

"మీ పక్క ఏం పండిస్తారు?"

"చెనక్కాయ."

"అదీ సంగతి. జ్వరం మనుషులకు కాదప్పా, పట్టుపురుగులకు. మేత మాని, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోయి చర్మం విడుస్తాయి. దాన్ని జ్వరమంటాం. నాలుగు జ్వరాలు దాటితే గాని పురుగు గూడు కట్టదు. మధ్యాన్నానికి లేస్తాయి. నువ్వు నిన్ననే వచ్చింటే ఈ తిప్పలుండేది కాదు."

వాళ్ళమ్మ సుజాతమ్మ నవ్వుతా వచ్చి బ్రెడ్డు అందుకుంది. "పురుగులకు బ్రెడ్డు తెచ్చినోణ్ణి ఇప్పుడే చూస్తాండా. టీలోకి అవుతాది లే నేత్రా, కోపం చాలించు."

నేత్ర చాలించలేదు. ముందు నడిచింది. వెనకనే నేను.

ఇంటి వెనక పొడుగాటి గది. లోపల అంతస్తులుగా పురుగుల తట్టలు. కిటికీలు చూసినాక నా కోపం ఇంకో మనిషి మీదికి మళ్ళింది. రెక్కనూ చట్రాన్నీ కలిపి ఒకే గీతలో పెయింట్ లాగినాడు ఆ మహానుభావుడు. బందుల మీద పెయింట్. గడియ మీద పెయింట్. సందులో చీమ కూడా దూరనంత పెయింట్. కిటికీ అంటే గోడ మీద రాసే బొమ్మ అనుకున్నాడో ఏమో.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

"మా నాయన్నడుగు."

ఆదినారాయణప్ప తువ్వాలు దులుపుకుంటా వచ్చినాడు. "డబుల్ కోటప్పా. షైనింగ్ చూడు."

"షైనింగ్ బాగుండాది. కిటికీనే లేదు," అన్నాను.

నేత్ర నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. ఒక్క క్షణమే.

"బెంగుళూరోళ్ళు నన్ను చూసేదానికి వస్తారని కొట్టించినాడు," అనింది. "వాళ్ళు చేసుకునేది నన్నా, కిటికీలనా?"

"ఇల్లు చూసే కదమ్మా పిల్లనడిగేది," అన్నాడు ఆయన.

"వాళ్ళను పిలిచేటప్పుడు పిల్లనడిగినావా నాయనా?"

ఇద్దరూ నా ముందరే తగాదా పడినారు. నాకు అర్థమైంది ఇది. పురుగులు చిన్నగా ఉన్నప్పుడు వెచ్చగా ఉండాలని కిటికీలు మూసి ఉంచినారు. ఇప్పుడు పెద్దవైనాయి. జ్వరం లేచినాక గాలాడకపోతే మెత్తబడి సచ్చిపోతాయి. ఈ పంటను మొదటినుంచీ నేత్ర ఒక్కతే పెంచుతాంది. పంట నిలబడితే ఈ గది ఆమె చేతికి, బెంగుళూరోళ్ళను రావద్దని చెప్పేస్తారు. పోతే తట్టలు అమ్మేసి ఆమెను బెంగుళూరికి. అదీ తండ్రీబిడ్డల ఒప్పందం.

"ఒప్పందం చేసుకొని కిటికీలు బిగిస్తివి," అనింది ఆమె.

"కావాలని చేస్తానా అమ్మా? అందంగా ఉంటాదని చేస్తిని."

ఆయన నిజమే చెప్పినాడు. దానికే ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

నేను సంచిలోంచి కిరసనాయిలు సీసా తీసినాను.

"లోపల పెట్టు. ఆ వాసనకే సచ్చిపోతాయి."

థిన్నర్ తీసినాను. ఈసారి చూపుతోనే లోపల పెట్టించింది. సుత్తి నేనే తియ్యలేదు.

"తలకేం పూసుకున్నావు?"

"నూనె."

"అంగడి సెంటు వాసనొస్తాది. పోయి కొళాయి కింద కడుక్కో. సబ్బు వద్దు."

నా పెండ్లికి కూడా నన్నెవరూ ఇంత కడగరు అనుకుంటా కడుక్కొని వచ్చినాను.

ఇంక మిగిలింది హాక్సా బ్లేడు. రెక్కలు బయటికి తెరుచుకునేవి. లోపల ఈగలు రాకుండా వల. నేను బయట నిలబడి పెయింట్ కోయాల. ఆమె వల పక్కకు జరిపి లోపలినుంచి తోయాల. మధ్యలో మూసిన చెక్క.

మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. చెక్క ఎదురుగా ఉంటే వచ్చింది.

"తోస్తాండావా అమ్మా?"

"తోస్తానే ఉండా. నువ్వు కోస్తాండావా, గీరుకుంటాండావా?"

"మెల్లగా కొయ్యాల. తొందరపడితే చెక్క చీలిపోతాది."

"మెల్లగా వస్తివి, మెల్లగా కోస్తాండావు. తినేదన్నా బిరీన తింటావా?"

"తినేదానికేముంది? తెచ్చిన బ్రెడ్డు కూడా మీ అమ్మ తీసుకుపాయె."

నవ్వు ఆపుకుంటే ముక్కులోంచి ఒక సద్దు వస్తాది. లోపలినుంచి అది వినపడింది.

మొదటి రెక్క టప్పుమని ఊడింది. గాలి దూసుకుపోయింది. ఆమె కండ్లు మూసుకొని ఆ గాలికి ముఖం పెట్టింది. నేను ఎదురుగా ఉన్న సంగతి మరిచిపోయింది. ఆకు పసరుకు నల్లబడిన వేళ్ళు. ముక్కు కొసన పెయింట్ పొట్టు ఒకటి. చెప్పాలా వద్దా అని నేను తేల్చుకునే లోపల కండ్లు తెరిచింది.

"కిటికీ చూడప్పా."

కిటికీ చూసినాను. రెక్క అంచులకు కొవ్వొత్తి మైనం రుద్ది పక్కదానికి పోయినాను. ఆ వెనక ఇంకోదానికి. ప్రతిదాని కాడా తిట్లు మారినాయి, మనిషి మారలేదు. పొద్దు నెత్తి దాటేసరికి పడమటిది ఒక్కటే మిగిలింది.

అప్పుడే సన్నగా వాన మొదలైన సద్దు. తల ఎత్తినాను. వానకు మొగం వాచిన మా పక్కోళ్ళం ఆ సద్దు వింటే యాడున్నా తల ఎత్తుతాం. మబ్బు తునక లేదు.

"ఎండలో వాన పడతాంది," అన్నాను.

"వాన కాదు," అనింది తెరిచిన కిటికీలోంచి నేత్ర. "లేచినాయి. తింటాండాయి."

ఆ గొంతులో కోపం లేదు. కోపం తీసేస్తే ఆ గొంతు ఇట్లుంటాదా అని బ్లేడు పట్టుకొని అట్లే నిలబడినాను.

పడమటి కిటికీ మొండిది. వానకు ఉబ్బి, పైన రెండు పూతల పెయింట్ మింగి కూచోనుంది. కోస్తా ఉంటే లోపలినుంచి రెక్క మీద బరువు పడింది. ఈసారి తిట్లు లేవు. అలిసిపోయింది పాపం అనుకున్నాను. ఇది కూడా తెరుచుకుంటే ఈ ఇంట్లో నాకింక పని లేదని అప్పుడు తట్టింది. బ్లేడు ఆపినాను.

"నేత్రా," అన్నాను. పొద్దుట్నుంచీ అమ్మా అంటా ఉండి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఆ బెంగుళూరు అబ్బాయి నీకొద్దు. నువ్వు తిడతాంటే నాకు బాగుండాది. దినమూ తిట్టించుకోవాలని ఉండాది."

లోపల ఎవరో దగ్గినారు. ఆడమనిషి దగ్గు కాదు.

రెక్క ఊడివచ్చి నా నుదుటికి తగిలింది. లోపల ఆదినారాయణప్ప.

"నేత్ర ఆ పక్క కిటికీ కాడ ఆకు వేస్తాండాదప్పా," అన్నాడు. "తిట్టేదే కావాలంటే నేనూ తిడతా."

నా సంచి యాడ పెట్టినానో నాకే కనపడలేదు. ఆయన తల తిప్పి ఆ తిండి సద్దు విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఈ తిండి చూస్తే పంట నిలబడినట్టే," అన్నాడు. "బెంగుళూరోళ్ళకు ఫోన్ చేస్తా లే. గూళ్ళు దించినాక మీ అమ్మను పిల్చుకొని రాప్పా. మాట్లాడుకుందాం."

"ఎవరు మాట్లాడుకునేది?"

పక్క కిటికీలో నేత్ర, చేతిలో ఆకు.

"వాళ్ళను పిలిచేటప్పుడూ నన్నడగలే. ఈయన్ను పిలిచేటప్పుడూ నన్నడగలే. నేను కనపడతాండానా నాయనా నీకు?" నా వైపు తిరిగింది. "నువ్వన్నా నన్నడగాల కదా. మా నాయనకు చెప్తివి, ఆయన్ను చేసుకుంటావా?"

ఆదినారాయణప్ప తువ్వాలు భుజాన వేసుకొని టీకని ఇంట్లోకి పోయినాడు.

నేను ఆమె కిటికీ కాడికి పోయినాను. బార్లా తెరిచిన కిటికీ. ముఖం ఎదురుగా ఉంది. నోరు తెరిచినాను. ఏమీ రాలేదు. మూసినాను.

"చెప్పు."

రాలేదు.

ఆమె కాసేపు చూసింది. వల జరిపి, చెయ్యి బయటికి చాచి, రెక్క లాగి మూసేసింది. సద్దు లేకుండా మూసుకుంది.

"ఇప్పుడు చెప్పు," అనింది లోపలినుంచి. "బిరీన చెప్పు. పురుగులకు గాలి అందాల."

"నాకు పురుగుల సంగతి ఏమీ తెలీదు," అన్నాను చెక్కతో. "నేర్పిస్తే నేర్చుకుంటా. నన్ను చేసుకుంటావా?"

లోపల వేల నోళ్ళు ఆకు తింటా ఉన్నాయి. ఆ సద్దులో ఆమె ఊపిరి కోసం వెతుక్కున్నాను.

"నేర్పిస్తా," అనింది. "పక్కకు జరుగు. ఒకసారి తగిలింది చాలు."

జరిగినాను. ఒక్క వేలితో తోసింది. రెక్క తెరుచుకుంది.