నాలుగో స్తంభం వెనక

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ వైపు వెళ్తుంటే కొత్తపేట దగ్గర ఒక ద్రాక్ష గోదాం ఉండేది. ఎనభైనాలుగు, ఎనభైఐదు నాటి మాట. అప్పటికే చుట్టూ తోటలు పీకేసి ప్లాట్లు వేస్తున్నారు. తీగలు పాకిన రాతి కడీలను ఊడబెరికి, అవే కడీలను ప్లాట్లకు హద్దులుగా పాతుతున్నారు. గోదాం ఒక్కటే మిగిలింది. పగలు జనం దాని గోడ పక్కనుంచే నడిచేవారు. చీకటి పడిందా — రోడ్డు దాటి అవతలి వైపుకు పోయేవారు.

కారణం లోపలున్న నాలుగో స్తంభం.

ఒక ఎండాకాలం రాత్రి పెట్టెల దొంతర కూలి, ప్యాకింగ్ చేసే కూలివాడొకడు ఆ స్తంభానికీ వెనక గోడకీ మధ్య ఇరుక్కుపోయాడు. వాడికి నాటకాల పిచ్చి. ద్రాక్షగుత్తులు సర్దుతూ పద్యాలు అందుకునేవాడు. ఆ రాత్రి వాడు అరిచాడు... చాలాసేపు అరిచాడు. బయట మంచాలు వేసుకుని పడుకున్నవాళ్ళు విన్నారు. వీడు మళ్ళీ పద్యం మొదలుపెట్టాడని విసుక్కుని అటు తిరిగి పడుకున్నారు.

తెల్లారి పెట్టెలు తీశారు. అప్పటికే అయిపోయింది.

ఆనాటినుంచి ఆ స్తంభం వెనక పిలుపు వినిపిస్తుందని చెప్పుకునేవారు. వినిపించినా పలకకూడదట. పలికితే... ఇక వదలదట.

అలాంటి చోట పట్టాభి నాటకం పెట్టాడు.

పట్టాభిది కృష్ణా జిల్లా. నగరంలో సర్కారు ఆఫీసులో గుమాస్తా. చైతన్యపురిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పడుచుతనంలో నాటక కంపెనీలో రాజు వేషాలు కట్టినవాడు. తన యాభై నాలుగో ఏట, జనం మరిచిపోయిన ‘ధర్మసేన బంధనం’ అనే పద్యనాటకాన్ని మళ్ళీ ఆడించాలని పూనుకున్నాడు. అదీ కొత్త తీరున. ఒక చివర స్టేజీ, ఎదురుగా జనం — అలా వద్దన్నాడు. స్టేజీ లేదు, తెర లేదు. గోదాం నడుమ రాజసభ, ఒక మూల అడవి, ఒక స్తంభం దగ్గర చెరసాల. కుర్చీలు వాటి మధ్యే వేయాలి. మంత్రి జనం మోకాళ్ళు రాసుకుంటూ నడవాలి. రాణి నిట్టూరిస్తే పక్క కుర్చీలో ఉన్నావిడకు వినపడాలి.

గోదాం యజమాని అంజయ్య తాతల నాటినుంచి అక్కడి రైతు. ఆయనకు ఇదంతా తమాషాగా ఉంది.

“అంటే సార్, రాజు ఇటు, రాణి అటు ఉంటె మేము మెడలు తిప్పుకుంట సూడాల్నా?”

“అందులోనే ఉందండీ అందం.”

“అందం మీకు, మెడనొప్పి మాకు. మంచిగనే ఉన్నది.”

పట్టాభి పనిలో కచ్చితమైన మనిషి. అది ఒప్పుకోవాలి. నూట ఇరవై కుర్చీలు వేయించి, ఒక్కొక్క కుర్చీలో తానే కూర్చుని చూశాడు. ఏ కుర్చీకి ఏం కనపడుతుంది, దేనికి ఏ స్తంభం అడ్డొస్తుంది — అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. మూడు సాయంత్రాలు పట్టింది. ఆఖరికి తేలిందేమిటంటే, అన్ని కుర్చీలకూ అడ్డు లేకుండా కనపడే చోటు ఒక్కటే ఉంది.

నాలుగో స్తంభం.

“చెరసాల ఇక్కడే,” అన్నాడు పట్టాభి.

అంజయ్య ముఖంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించాడు.

“గా కంబం ఒద్దు సార్. ఇంకేదన్న సూస్కోండ్రి.”

“ఇంకా దెయ్యాలేమిటండీ అంజయ్యగారూ? చుట్టూ కాలనీలు లేస్తుంటే!”

“కాలనీలు లేస్తె గాడు యాడికి పోతడు సార్... గాడు సచ్చిందే గీడ.”

పట్టాభి వినలేదు. అయితే ఒక్క మాట ఒప్పుకున్నాడు. స్తంభం వెనక, గోడ వైపు, కుర్చీ వేయనన్నాడు. అక్కడ కూర్చుంటే ఎలాగూ రాయి తప్ప ఏమీ కనపడదు. పాత పెట్టెలు, చిన్న వెనక తలుపు — ఆ సందులో అంతే.

ఇక అసలు సంగతి. చెరసాల ఘట్టంలో రాజును స్తంభానికి గొలుసుతో కట్టేస్తారు. రాజు స్తంభాన్నే బతిమాలుతూ ఒక పద్యం పాడతాడు. ‘విడువవే, ఓ శిలాస్తంభమా’ అని తారస్థాయిలో ముగుస్తుంది. నాటకానికి ప్రాణం ఆ పద్యమే. పట్టాభి గొంతులో ఒక కాయ లేచిందని, ఆ పద్యం ఒక్కసారి పాడితే పాడావు, మళ్ళీ మళ్ళీ పాడితే ఇక గొంతు మీద ఆశ వదులుకోవాలని డాక్టరు ముందే చెప్పాడు.

“ఒక్కసారే పాడండి. నా మీద ఒట్టు,” అంది భార్య శేషారత్నం.

“ఒక్కసారే,” అన్నాడు పట్టాభి.

అబద్ధం. పద్యనాటకం ఎరిగినవాళ్ళకు తెలుసు — పద్యం బాగుంటే జనం ‘వన్స్ మోర్’ అంటారు. నటుడు మళ్ళీ పాడతాడు. ఆ కేక పడని పద్యం పాడినా పాడనట్టే లెక్క. పట్టాభి ముప్ఫై ఏళ్ళుగా ఆ కేక వినలేదు. ఒక్కటి... ఒక్కటి చాలనుకున్నాడు. దానంతటది వస్తుందో రాదోనన్న భయం. అందుకని తన ఆఫీసులో అటెండరు సీతారాములును పిలిచి రహస్యంగా చెప్పాడు.

“వెనక తలుపు గడియ తీసి ఉంచుతాను. ఎవరి కంటా పడకుండా లోపలికి రా. పద్యం కాగానే వన్స్ మోర్ అని కేకెయ్. నా చేతులు గొలుసులో ఉంటాయి, సైగ చేయలేను. నేను తల వంచేదాకా ఆపకు.”

కష్టపడి పాడేవాడికి మెప్పు మీద ఆశ ఉండటం తప్పు కాదు. ఆ మెప్పును తానే ఏర్పాటు చేసుకోవటం తప్పు. పట్టాభికి ఆ సంగతి తెలియక కాదు.

నాటకం రోజు మధ్యాహ్నం సీతారాములు నుంచి కబురొచ్చింది. జ్వరం. రాలేడు. పట్టాభి నీరుగారిపోయాడు. కానీ అప్పటికే కుర్చీలు వచ్చేశాయి, దీపాలు కట్టేశారు.

సాయంత్రం ఏడింటికి గోదాం నిండింది. కాలనీవాళ్ళు, ఊరివాళ్ళు కలిసి కూర్చున్నారు. మొదట్లో పకపకలాడారు. మంత్రి తన కాలు తొక్కాడని ఒకామె కేకలేసింది. తర్వాత మెల్లగా నాటకంలో పడ్డారు.

చెరసాల ఘట్టం వచ్చేసరికి దీపాలన్నీ ఆర్పేశారు. నాలుగో స్తంభం మీద ఒక్క దీపం.

గొలుసు నిజమైనదే. అంజయ్య ఇంట్లో బర్రెను కట్టే గొలుసు. తాళమూ నిజమైనదే. కారాగారాధికారి వేషం వేసిన రామమోహనరావు పట్టాభి నడుమునూ రెండు చేతులనూ స్తంభానికి బిగించి, తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని చీకట్లోకి వెళ్ళాడు.

పట్టాభి పాడాడు.

బాగా పాడాడు. ఆ రాత్రి విన్నవాళ్ళెవరూ కాదనరు. ‘శిలాస్తంభమా’ అన్నప్పుడు గోదాం రేకులు సన్నగా మోగాయి. పాట ఆగింది. చప్పట్లు మొదలుకాబోయే ముందు ఒక క్షణం నిశ్శబ్దం ఉంటుంది చూడండి... ఆ నిశ్శబ్దంలో —

“వన్సు మోరు!”

కేక జనంలోంచి రాలేదు. పట్టాభి వీపు వెనకనుంచి వచ్చింది.

జనానికి అదేం పట్టలేదు. వాళ్ళూ అందుకున్నారు. “వన్స్ మోర్! వన్స్ మోర్!” హార్మోనియం శ్రుతి ఎత్తుకుంది. పట్టాభి మళ్ళీ పాడాడు. ఈసారి గొంతు చివర్లో కాస్త గీరింది. పాడి, తల వంచాడు.

“వన్సు మోరు!”

ఈసారి జనం అందుకోలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

సీతారాములు రాలేదు. జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. వెనక కుర్చీ లేదు. అయితే... ఎవరు?

తల తిప్పబోయాడు. గొలుసు భుజాన్ని లాగింది. స్తంభం అంచు దాకానే చూపు పోతోంది. ఆ పక్కన చీకటి.

ఆ హార్మోనియం వాడొకడు — కేక వినపడితే చాలు, శ్రుతి ఎత్తుకుంటాడు. ఆ నియమం పెట్టిందీ పట్టాభే. వన్స్ మోర్ కాదనటమంటే సభను అవమానించటమని రిహార్సల్ లో అందరికీ నూరిపోశాడు. పాడక తప్పలేదు. మూడోసారి పాడాడు. నాలుక మీద ఉప్పగా తగిలింది. తల ఇంకా కిందికి, గడ్డం రొమ్ముకు ఆనేలా వంచాడు.

“వన్సు మోరు!”

ఇంకా దగ్గరగా. ఇంకా బొంగురుగా... ఎంతోసేపటినుంచి అరిచి అరిచి అలిసిపోయిన గొంతులాగా.

అంజయ్య కుర్చీలోంచి సగం లేచాడు. “గాడే...” అన్నాడు గుసగుసగా. “గా గొంతు కంబం ఎనకకెంచి ఒస్తున్నది.”

ఆ గుసగుస కుర్చీ కుర్చీకీ పాకింది. పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. పరుగెత్తుదామంటే పెద్ద తలుపుకు దారి ఆ స్తంభం పక్కనుంచే ఉంది. ఒక్కరూ కదల్లేదు.

పట్టాభి చీకట్లో రామమోహనరావును వెతికి, కళ్ళతో పిలిచాడు. తాళం తీయమని పెదవులు కదిపాడు. రామమోహనరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఏం నటన అండీ బాబూ!” అని పక్కవాడి చెవిలో అన్నాడు. అక్కడే నిలబడ్డాడు. వన్స్ మోర్ నడుస్తుండగా ఎవరూ రంగంలోకి రాకూడదు. అదీ పట్టాభి నియమమే.

నాలుగోసారి ఎత్తుకున్నాడు. ‘విడువవే’ దగ్గర గొంతు చీలింది. పద్యం సగంలో తెగింది. వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు... పెట్టె ఒకటి కిర్రుమంది.

“వన్సు... మోరు...”

పట్టాభికి ఇక అనుమానం లేదు. నిజంగా ప్రాణం కోసం అరిచినవాడు ఇక్కడే చచ్చాడు. ఎవరూ రాలేదు. తానేమో దొంగ కేక కోసం మనిషిని కుదుర్చుకున్నాడు. అందుకే వచ్చాడు వాడు. అందుకే వదలడు.

“వద్దు నాయనా,” అన్నాడు. మాట గరగరమంది. అయినా ఆ నిశ్శబ్దంలో చివరి వరస దాకా వినపడింది. “నా వల్ల కాదు. ఆ కేక నాకు న్యాయంగా రావలసింది కాదు. నేనే ఏర్పాటు చేసుకున్నాను. మా ఆఫీసు సీతారాములును బతిమాలి, అరవమని చెప్పాను. వాడు రాలేదు... నువ్వొచ్చావు. తప్పు నాదే. జనాన్ని మోసం చేశాను. నా భార్యకు అబద్ధం చెప్పాను. నన్నొదిలెయ్.”



స్తంభం వెనక ఏదో కదిలింది.

“సార్...” అంది ఆ గొంతు, మెల్లగా. “అయితె... ఇగ ఆపమంటరా?”

అంజయ్య చేతిలోని బ్యాటరీ లైటు వెలిగింది. స్తంభం పక్కనుంచి ఒక మనిషి బయటికొచ్చాడు. జుట్టు నిండా బూజు. తువ్వాలు మెడకు చుట్టుకుని, చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతున్నాడు. భయంతో.

“నేను మల్లేశం సార్. సీతారాములు మా బావ. రానని చెప్పంపిండు గాని, మాటిచ్చి తప్పితిననుకుంట పొద్దుమీకి ఒకటే పరేషాన్ అయిండు. నువ్వన్న పోరా అన్నడు. ఎనక దర్వాజ తీసుంటది, సప్పుడు చెయ్యకుంట పోయి కూసో, సారు తలకాయ వంచెదాక ఆపొద్దు అన్నడు.”

“వంచాను కదయ్యా...” అన్నాడు పట్టాభి.

“ఏడ కనపడుతది సార్! గీ కంబమొక్కటే కనపడబట్టె. మీరు వంచిండ్రో లేదో నాకెట్ల తెల్వాలె? నా గొంతు కూడ పోయింది సార్. ఎప్పుడు ఇడుస్తరో, ఎట్ల బయట పడాల్నో అని కూసున్న.”

ఎవరో ఒక పిల్ల కిసుక్కుమంది. తర్వాత ఒక వరస. తర్వాత గోదాం మొత్తం. భయం తీరిన నవ్వు — ఆపినా ఆగదు. అంజయ్య కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క శేషారత్నం నవ్వలేదు. భర్త వైపు చూసి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తల దించుకుంది.

రామమోహనరావు వచ్చి తాళం తీశాడు. పట్టాభి క్షమాపణ చెబుదామని నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మాట రాలేదు. ఆ గొంతు తర్వాత మామూలు మాటకు తిరిగొచ్చింది గానీ, పద్యానికి మళ్ళీ లేవలేదని విన్నాను.

లోపలికి పోదామంటే లోపల లేదు. తెర దించమందామంటే తెర లేదు. కుడికి తిరిగాడు — జనం. ఎడమకు తిరిగాడు — జనం. ప్రతి కుర్చీకీ అడ్డు లేకుండా కనపడే చోటు అది. తన ముఖం మీద దీపం వెలుగుతూనే ఉంది.

పట్టాభి రెండడుగులు వేసి స్తంభం వెనక్కి వెళ్ళాడు. మల్లేశం అప్పటికే నవ్వులకు జడిసి మళ్ళీ అక్కడికే చేరాడు. రాజు వేషంలో ఉన్న ఆయనను చూసి, పెట్టె మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

“కూసోండ్రి సార్,” అన్నాడు. “గీడ మనం ఎవ్వలకు కనపడం.”