బ్యాటరీలు లేని కీబోర్డు రాసిన మాట

ఆమె తలుపు తోసిన తోపుకి గోడమీది క్యాలెండరు ఒరిగిపోయింది. చంకలోని కీబోర్డును బల్లమీద పడేసి, "ఇది రాసింది. నేను రాయలేదు. నమ్మితే కూర్చుంటాను, లేదంటే ఇప్పుడే పోతాను" అంది.

"కూర్చోండి" అన్నాడు డిటెక్టివు. ఏ పనికీ తొందరపడడని ఆయన్ని అందరూ నిదానంగారనే పిలిచేవారు. ఆయన సహాయకురాలు పంతులమ్మ, బడి నుంచి రిటైరైన మనిషి, గబగబా కుర్చీ జరిపింది. ఆ నిదానం వెనక ఎంత చురుకుందో ఆవిడకి తెలుసు.

వచ్చినామె, ఆమె చెల్లెలు కలిసి ఎంబ్రాయిడరీ కార్ఖానా నడుపుతున్నారు. అక్క కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది, చెల్లెలు హాల్లో మిషన్లు నడుపుతుంది. మధ్యలో అద్దం గోడ. మిషన్ల మోతలో మాట వినపడదు కాబట్టి ఏ మార్పు ఉన్నా అక్క మెసేజ్ పెడుతుంది. ఆ మెసేజ్ పెట్టె ఎప్పుడూ తెరమీద తెరిచే ఉంటుంది. నిన్న ఉదయం అందులోంచి చెల్లెలికి ఒక మాట వెళ్ళింది: "నీ చేతిపని చూస్తే సిగ్గేస్తోంది. నీ మిషన్లు తీసుకుని నీ దారిన నువ్వు పో." చెల్లెలు తలెత్తి చూస్తే ఆ గదిలో అక్క తప్ప ఎవరూ లేరు.

"అమ్మ పోయినప్పుడు కూడా మేం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదండీ. సాయంత్రం లారీ వస్తోంది. మిషన్లు ఎక్కాయంటే ఇక మా చెల్లి వెనక్కి రాదు. నాకు తెలుసు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడుపుతో కాదు.

"అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"బల్ల కిందికి వంగి, సొరుగులో బ్యాటరీలు వెతుకుతున్నాను. మౌస్ ఒకటే మొరాయింపు. ఇక్కడ కదిపితే అక్కడికి గెంతుతోంది. కీబోర్డులోవి తీసి దాన్లో వేసినా అంతే."

నిదానంగారు కీబోర్డు తిరగేశాడు. బ్యాటరీల గూడు ఖాళీ. "అంటే మెసేజ్ వెళ్ళేసరికి ఇందులో ప్రాణం లేదు."

"మొత్తుకున్నాను. నేరం తప్పించుకోడానికి తర్వాత తీశానన్నారు కార్ఖానాలో అందరూ."

"నిన్న ఆ మెసేజ్‌కి ముందు మీ కంప్యూటర్ని ఎవరు ముట్టుకున్నారు?"

"మిషన్లకి నూనె వేసే మెకానిక్ బల్ల జరిపాడు. వాణ్ణి తిట్టాను కూడా. తర్వాత మా మరిది, అదే, చెల్లెలి మొగుడు, వైర్లు సర్దుతానని వెనక దూరాడు."

పంతులమ్మతో కలిసి కార్ఖానాకి వెళ్ళగానే నిదానంగారు మోకాళ్ళమీద కూర్చుని కంప్యూటరు వెనక టార్చి వేసి చూశాడు. తర్వాత లేచి బట్టలు దులుపుకున్నాడు. మెకానిక్‌ని అడిగితే వాడు మండిపడ్డాడు. "తిట్టినవాళ్ళందరి మీదా పగబడితే, నేను రోజుకో ఇల్లు తగలబెట్టాలి సార్."

పక్కనే, అద్దం కిటికీ ఉన్న చెక్క అడ్డుగోడ అవతల మరిది గది. అక్కణ్ణుంచి ఆ అద్దంలోంచి అక్క బల్ల కనిపిస్తోంది. అతను ఆర్డర్లు టైపు చేసుకుంటున్నాడు.

"మీరు పాత వైరు కీబోర్డు వాడుతున్నారే?"

"వైర్‌లెస్‌ది నిన్ననే పాడైందండీ. అదిగో, బీరువామీద పడేశాను."

"బ్యాటరీలు మార్చి చూశారా?"

"అన్నీ చూశాను. అది పనికిరాదు."

బయట లారీ హారన్ మోగింది. నిదానంగారు అందర్నీ అక్క కంప్యూటరు ముందుకి పిలిచాడు. చెల్లెలు అక్కకి దూరంగా, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ కీబోర్డుకీ మౌస్‌కీ కలిపి ఒకటే రిసీవరు, గోరంత ముక్క. ముందువైపు ఉండాల్సింది. ఎవరో దాన్ని వెనక్కి, కంప్యూటరు ఇనప పెట్టె చాటుకి మార్చారు. సిగ్నల్ సరిగ్గా అందక మౌస్ గెంతింది. ఆ పక్కనే, చెక్క గోడకి ఎదురుగా, ఇంకో రిసీవరు గుచ్చి ఉంది. అదెవరిది?"

అక్క చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఖాళీ కీబోర్డు బల్లమీద ఉంది. తెరమీద, మెసేజ్ పెట్టెలో, ఒక్కో అక్షరమే పడింది: "అక్కా."

చెల్లెలు తిరిగి చూసింది. అద్దం కిటికీ అవతల, మరిది కుర్చీలో పంతులమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చేతుల కింద బీరువామీది కీబోర్డు.

"అది పాడవలేదు. దాని రిసీవరు ఇక్కడుంది, అంతే" అన్నాడు నిదానంగారు. "మౌస్ మొరాయిస్తే ఈవిడ కిందికి వంగుతుందని అతనికి తెలుసు. అద్దంలోంచి చూస్తూ రాశాడు."

మరిది మొహం నల్లబడింది. "ఎన్నాళ్ళు ఈవిడ చెప్పుచేతల్లో పడుండాలి? సొంతంగా పెట్టుకుందామంటే నా పెళ్ళాం వినదు. పొద్దున లేస్తే అక్క, అక్క."

నిదానంగారు గొంతు పెంచడం పంతులమ్మ అంతవరకు వినలేదు. "కావాలంటే నీ నోటితో అడగాలయ్యా. ఆవిడ నోరు దొంగిలిస్తావా?"

చెల్లెలు మొగుడివైపు చూడనైనా లేదు. బయటికి వెళ్ళి లారీ పంపేసి వచ్చింది. "అక్కా" అంది.

"వాడు రాశాడు. నువ్వు నమ్మావు" అంది అక్క. "అద్దానికి ఇవతలే ఉన్నానే. తలుపు తోసుకొచ్చి, ఇదేంటని ఒక్క మాట అడగలేకపోయావా? వాడిమీద ఉన్న కోపం రేపటికి చల్లారుతుందేమో. ఇది చల్లారదు."

అక్క ఆ రెండో రిసీవరు పీకి మరిది కాళ్ళ దగ్గరికి విసిరేసింది. తనది ముందుకి మార్చి, మౌస్‌లోని బ్యాటరీలు తీసి కీబోర్డులో వేసింది. తెరమీద "అక్కా" అన్న మాట అలాగే ఉంది. దాన్ని చెరపలేదు.

"మిషన్‌మీద బట్ట సగంలో ఉంది. పోయి పూర్తి చెయ్యి" అంది, తల ఎత్తకుండానే. "ఆ తలుపు వెయ్యకు. నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది."