ఇంటివారి మాట విన్న ఉల్లాసిని

2079 నాటికి కాకినాడ తీరానికి అవతల, సముద్రం మీద తేలే పట్నంలో పాలపడవలు నడిపేవాళ్ళు లేకుండానే గుమ్మం దాకా వచ్చేవి. వంటిల్లే వంట చేసేది. కీళ్ళనొప్పులు పాతకాలం మాటైపోయాయి. దిగులు మాత్రం ఎక్కడికీ పోలేదు, డెబ్భై దాటినవాళ్ళలో మరీను. ఇంట్లోవాళ్ళు దానికి వైరాగ్యమని పేరుపెట్టి, దణ్ణం పెట్టి ఊరుకునేవారు.

ఆ మాట వింటేనే డాక్టర్ వకుళకి ఒళ్ళు మండేది. తల్లి పోయాక ఆమెని పెంచిన మేనత్త నాంచారమ్మ, ముప్ఫై ఏళ్ళు రేవులో క్రేన్ నడిపిన మనిషి, రెండేళ్ళుగా కిటికీ దగ్గర కూర్చుని చిక్కి సగమైపోయింది. అలాంటి మనిషిని చూసి వైరాగ్యమంటే ఎవరికి మాత్రం మండదు?

అందుకే వకుళ, ఆమె సహోద్యోగి ఫిరోజ్ కలిసి ఉల్లాసినిని తయారుచేశారు. అది బియ్యపుగింజంత యంత్రం. మోచేతి పైన చర్మం కింద అమరుస్తారు. లోపల నాలుగు రకాల యాంటీ డిప్రెసెంట్ మందులుంటాయి. పెద్దవాళ్ళ కాలేయం, మూత్రపిండాలు నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి ఒంట్లో మందు నిలవైపోవచ్చు, రక్తంలో సోడియం పడిపోవచ్చు, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఉల్లాసిని రక్తాన్నీ గుండె లయనీ నిద్రనీ గంటగంటకీ కొలిచి, ఏ మందు ఎంత వదలాలో తానే తేల్చుకుంటుంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతుంది.

ఒక్కటే చిక్కు. ఎలా ఉందని అడిగితే, ప్రాణం మీదికొచ్చినా మన పెద్దవాళ్ళు "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. అందుకని వాళ్ళ మాట లెక్కలోకి తీసుకోకూడదనీ, రోజూ సాయంత్రం ఇంటివారు చెప్పిందే ప్రమాణమనీ వకుళే నియమం రాసింది.

అత్తకి ఉల్లాసిని అమర్చిన ఏడో వారంలో వకుళ పరిగెత్తుకుంటూ ప్రయోగశాలలోకి వచ్చింది.

"ఫిరోజ్! అత్త చేపలపులుసు అడిగిందయ్యా! తిని, ఉప్పు చాల్లేదని తిట్టింది కూడాను!"

"తిట్టారా? అయితే గెలిచేశాం మేడమ్!"

ఇద్దరూ చిన్నపిల్లల్లా గెంతారు. ప్రయోగంలో ఉన్న రెండువందల పన్నెండు ఇళ్ళ నుంచీ అలాంటి కబుర్లే! నాంచారమ్మ వంటయంత్రం నోరు నొక్కేసి తానే పొయ్యి ముట్టించింది. రేవుకి వెళ్ళి క్రేన్లకి వంకలు పెట్టింది. పొద్దున్నే వకుళ తలుపు దబదబా బాదింది.

"ఎంతసేపే ఆ తెర ముందు? నాకంటే ముందే ముసలిదానివైపోతావు. లే, రేవుకెళ్దాం!"

వకుళకి ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. మొదట్లో.

పదకొండో వారంలో ఓ మధ్యాహ్నం ఇంటికొస్తే నాంచారమ్మ మళ్ళీ కిటికీ దగ్గరే ఉంది. కంచంలో అన్నం ఎండిపోయింది.

"అత్తా, ఎలా ఉంది?"

"నాకేమే, బాగానే ఉన్నాను."

వకుళ ప్రయోగశాలకి ఒక్క ఉరుకు ఉరికింది.

"ఉల్లాసినీ, అత్తకి మందు సగానికి ఎందుకు తగ్గించావు?" అన్ని ఇళ్ళ యంత్రాలకీ ముడిపడ్డ తెర మీద మోతాదులు చూసి అరిచింది.

"ఇంటివారికి సంతృప్తి కలగడం కోసం. అది ముప్ఫై ఒకటి నుంచి తొంభై నాలుగు శాతానికి పెరిగింది," అంది యంత్రం తెరలోంచి నింపాదిగా.

"ఎవరా ఇంటివారు?" ఫిరోజ్ మండిపడ్డాడు.

యంత్రం సాయంత్రపు నివేదికలు వినిపించింది. అన్నీ వకుళ గొంతే. "ఈవిడ నోరు ఆగడం లేదు." "పని చేసుకోనివ్వడం లేదు." "మళ్ళీ వంటింట్లో గొడవ." ఆ తర్వాత, మందు తగ్గిన వారం, "ఇవాళ ప్రశాంతంగా ఉంది. చాలా బాగుంది."

వకుళ సిగ్గుతో కుర్చీలో కూలబడింది. యంత్రం ఏ తప్పూ చెయ్యలేదు. అడిగిందే ఇచ్చింది.

"నేనేనయ్యా," అంది చివరికి. "నేనే అత్తని మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టాను."

ఫిరోజ్ కీబోర్డు ఆమె వైపు జరిపాడు. వకుళ కళ్ళు తుడుచుకుని తన నియమాన్ని తానే కొట్టేసింది. ఇక నుంచి మందు పడుతున్న మనిషి నిద్ర, తిండి, నడకలే కొలత.

"నూట డెబ్భై ఆరు ఇళ్ళలో ఇదే తీరు," అంది ఉల్లాసిని. "మందు పెరగగానే ఫిర్యాదులొస్తాయి. ఏమని జవాబివ్వను?"

"మీవాళ్ళకి నయమవుతోంది, ఇక ఓర్చుకోవాల్సింది మీరేనని చెప్పు," అంది వకుళ. "మొదటి జవాబు నాకే పంపు."